తామరకు ఆకు జెల్: ప్లేటులో చచ్చే ఫంగస్ తొడ మీద ఎందుకు చావదు

ఫార్మసీ కాలేజీల్లో పాత ప్రాజెక్టు రిపోర్టులు పెట్టే బీరువా ఒకటుంటుంది. తాళం దొరికితే ఒకసారి తెరిచి చూడండి. వేపాకు జెల్, తులసి జెల్, కలబంద జెల్, పసుపు జెల్, లవంగనూనె జెల్, రెండు మూడు ఆకులు కలిపిన జెల్. నల్గొండ దగ్గర ఒక కాలేజీలో చదివినప్పుడు నేనూ అదే చేశాను, తంటెం ఆకుతో. అన్ని రిపోర్టుల్లో చివరి పేజీ మాట ఒకటే: మా జెల్ ఫంగస్ మీద బాగా పనిచేసింది. నాదాంట్లోనూ అదే రాశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి.

మరి ఇన్ని జెల్లులు బాగా పనిచేస్తే, ఊళ్లో తామర ఎందుకు తగ్గట్లేదు? మా చిన్నమ్మ మిర్యాలగూడ దగ్గర నాట్లకు పోతుంది. నడుము చుట్టూ, చీర కుచ్చిళ్లు దోపుకునే చోట రెండేళ్లుగా తామర. "గీ ట్యూబు రుద్దితే రెండొద్దులు మంచిగుంటది బిడ్డా, మల్ల లేస్తది" అంటది. నా ప్రాజెక్టు జెల్ గురించి ఆమెకు చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇదంతా.

ముందు తామర సంగతి. చాలామంది తామరను, గజ్జిని ఒకే గాటన కట్టేస్తారు. గజ్జి చర్మంలో బొరియ చేసుకుని బతికే చిన్న పురుగు వల్ల వస్తుంది. తామర ఫంగస్ వల్ల, అంటే రొట్టె మీద పట్టే బూజుకు దూరపు చుట్టం వల్ల వస్తుంది. ఎక్కువగా ట్రైకోఫైటాన్ అనే జాతి. దాని తిండి కెరటిన్, మన చర్మం పైపొరలో, వెంట్రుకల్లో, గోళ్లలో ఉండే ప్రొటీన్. ఒక చోట మొదలై చుట్టూ బయటికి తింటూ పోతుంది కాబట్టే మధ్యలో మానినట్టు కనిపించి అంచు మాత్రం ఎర్రగా, ఉబ్బి, పొట్టు లేస్తూ ఉంటుంది. చెమట, ఉక్క, తడి బట్ట ఉంటే దానికి పండగే. మన ఎండలు, పొలం పని, బిగుతు జీన్సు, పాలమూరు నుంచి వలసపోయిన చోట ఒకే రేకుల షెడ్డులో ఒకే టవల్ పదిమంది వాడుకోవడం, ఇవన్నీ దానికి కలిసొచ్చేవే. మొలతాడు కింద తామర ఎంత గట్టిగా పట్టుకుంటుందో చర్మం డాక్టర్లను అడగండి, ముందు ఆ తాడు తీసెయ్యమని చెప్పడమే వాళ్లకు పెద్ద పని.

పదేళ్ల కిందటి దాకా మామూలు క్లోట్రిమజోల్ ట్యూబుకో, రెండు వారాల టర్బినఫిన్ మాత్రలకో లొంగేది. ఇప్పుడు లొంగట్లేదు. మన దేశంలో విపరీతంగా వ్యాపించిన రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని విడిగా పేరే పెట్టారు, పేరులోనే ఇండియా ఉంది. టర్బినఫిన్ అడ్డుకునే ఎంజైము ఒకటుంటుంది, స్క్వాలీన్ ఇపాక్సిడేజ్ అని. ఈ రకంలో చాలావాటికి ఆ ఎంజైము జన్యువులోనే మార్పు వచ్చేసింది, తాళం మార్చినట్టు. పాత తాళంచెవి ఎన్నిసార్లు తిప్పినా తెరుచుకోదు.

దీనికి తోడు మనవాళ్లకు మెడికల్ షాపుకెళ్లి "దురద ట్యూబు" అడగడం అలవాటు. స్టెరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ మూడూ కలిపిన క్రీములు ఏళ్ల తరబడి అలాగే చేతికొచ్చాయి. స్టెరాయిడ్ ఒంటి రక్షణ స్పందనను తొక్కేస్తుంది, దురద, ఎరుపు గంటల్లో తగ్గుతాయి, ఫంగస్ మాత్రం కాపలా లేని పొలంలో పడ్డ గొడ్డులా మేస్తుంది. చిన్నమ్మ చెప్పే "రెండొద్దులు మంచిగుంటది" ఇదే. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. కాగితం మీద.

ఇలాంటప్పుడు ఆకులవైపు చూడటం పిచ్చిపని ఏమీ కాదు. తొలకరి పడగానే మన రోడ్ల పక్కన, చెలకల గట్ల మీద గుబురుగా లేచే తంటెం మొక్క ఉంది కదా, కొందరు తగిరిస అంటారు. సంస్కృతంలో దాని పేరు చక్రమర్ద, అంటే చక్రాన్ని నలిపేది. చక్రం అంటే ఏదో కాదు, తామర చుట్టే. ఇంకో పేరు దద్రుఘ్న, దద్రువు అంటే తామర. దాని దగ్గరి చుట్టం సీమ అవిసెను తెలుగులో మెట్టతామర అని కూడా అంటారు. ఈ మొక్కల్లో క్రైసోఫనాల్ లాంటి ఆంత్రాక్వినోన్ పదార్థాలున్నాయి. పూర్వీకులు గాలికి పేర్లు పెట్టలేదు.

ఇంకో ఉదాహరణ నాకు చాలా ఇష్టం. విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ అని పాత మందు ఒకటుంది, బ్రిటిష్ చర్మ వైద్యుడు ఆర్థర్ విట్‌ఫీల్డ్ పేరు మీద. 6 శాతం బెంజాయిక్ యాసిడ్, 3 శాతం సాలిసిలిక్ యాసిడ్. ఇందులో బెంజాయిక్ యాసిడ్ మొదట దొరికింది సాంబ్రాణి బంకలో. సాలిసిలిక్ యాసిడ్ మూలం విల్లో చెట్టు బెరడు. వచ్చి వందేళ్లు దాటిన ఈ మందు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చాలా ఏళ్లు ఉండేది. అంటే చెట్టు నుంచి వచ్చిన పదార్థం తామరను కొట్టగలదని ఎప్పుడో తేలిపోయింది. అయితే ఆ మందు నిలబడింది సాంబ్రాణి పుణ్యం వల్ల కాదు. సాలిసిలిక్ యాసిడ్ చర్మం పైపొరను పొట్టుగా లేపేస్తుంది, ఆ పొట్టుతో ఫంగసూ పోతుంది. పైగా ఏ ట్యూబు కొన్నా అందులో ఆరూ మూడూ అంతే ఉంటాయి. మన ఆకు జెల్లులు తప్పేది సరిగ్గా ఈ రెండు చోట్లే: మందు చేరాల్సిన చోటికి చేరడం, ప్రతిసారీ ఒకేలా ఉండటం.

ఇక ప్లేటు దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు మోసం అక్కడే మొదలవుతుంది (ఎవరూ కావాలని చేసే మోసం కాదు, అదే బాధ). అగర్ అనే జెల్లీ పోసిన ప్లేటులో ఫంగస్ పరిచి, మధ్యలో చిన్న గుంత తవ్వి, ఆకు సారం పోస్తాం. గుంత చుట్టూ ఫంగస్ పెరగని ఖాళీ వలయం వస్తే దాన్ని స్కేలుతో కొలుస్తాం. 18 మిల్లీమీటర్లు వచ్చిందంటే సంబరం. మొదటి తప్పు ఫంగస్ ఎంపికలోనే ఉంటుంది. ట్రైకోఫైటాన్ ప్లేటు మీద పెరగడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. క్యాండిడా అయితే ఒకటి రెండు రోజుల్లో నిండిపోతుంది. సబ్మిషన్ తేదీ నెత్తిమీద ఉంటే మీరు దేన్ని ఎంచుకుంటారు? నేనూ క్యాండిడానే ఎంచుకున్నాను. రిపోర్టు పేరు తామర జెల్, పరీక్ష చేసింది తామర తెప్పించని ఈస్టు మీద.

రెండో తప్పు నాకు ఆలస్యంగా తెలిసింది. ఆకు సారం నీళ్లలో కరగక డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించాను. ఉత్త డీఎంఎస్‌ఓ పోసిన గుంత ఒకటి పక్కన పెట్టాలని ఎవరూ గుర్తుచెయ్యలేదు, నాకూ తట్టలేదు. మార్కులు పడ్డాక, ఊరికే, మిగిలిపోయిన ప్లేటులో పోసి చూశాను. దాని చుట్టూ కూడా వలయం వచ్చింది. తంటెం ఆకు వలయం కంటే కొంచెం చిన్నది, అంతే. ఆ రోజు అన్నం సయించలేదు.

మూడోది లెక్క, ఇది మాత్రం కాస్త ఓపికగా చదవండి. ప్లేటు గుంతలో మామూలుగా మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల సారం ఉన్న ద్రవాన్ని 100 మైక్రోలీటర్లు పోస్తారు, అంటే 10 మిల్లీగ్రాములు. గుంత వెడల్పు 8 మిల్లీమీటర్లు, దాని వైశాల్యం అర చదరపు సెంటీమీటరు. అంటే చదరపు సెంటీమీటరుకు 20 మిల్లీగ్రాముల లెక్క. ఇప్పుడు ఒంటి మీద చూడండి. ట్యూబు నుంచి వేలి కొస కణుపు పొడవునా పిండితే వచ్చేది దాదాపు అర గ్రాము, అది రెండు అరచేతులంత చోటుకు, వేళ్లతో సహా సుమారు 300 చదరపు సెంటీమీటర్లకు సరిపోతుంది. 1 శాతం జెల్ అయితే ఆ అర గ్రాములో ఉన్న సారం 5 మిల్లీగ్రాములే. చదరపు సెంటీమీటరుకు 0.017 మిల్లీగ్రాములు కూడా దాటదు. ప్లేటులో పోసినదానికీ తొడ మీద పూసినదానికీ తేడా వెయ్యి రెట్లకు పైనే. అదీ మొత్తం సారం లెక్క, అందులో ఫంగస్‌ను నిజంగా కొట్టే పదార్థం ఎంతో కొంతే. లొంగే ఫంగస్‌ను టర్బినఫిన్ మైక్రోగ్రాములో చిన్న భాగంతోనే ఆపేస్తుంది. ఆకు సారాలను మిల్లీగ్రాముల్లో కొలుస్తాం. పోటీ ఎక్కడుంది?

వలయం పెద్దగా ఉంటే మందు బలమైనదన్న నమ్మకం కూడా తప్పే. అగర్ నీళ్లతో నిండిన పదార్థం. నీళ్లలో కలిసే చిన్న అణువులు దాంట్లో సులువుగా పాకుతాయి, నూనె స్వభావం ఉన్నవి గుంతలోనే కూర్చుంటాయి. చర్మంలో ఇది తలకిందులవుతుంది. చర్మం పైపొర చచ్చిన కణాల ఇటుకలు, మధ్యలో కొవ్వు గచ్చు పెట్టి కట్టిన గోడలాంటిది, మందం చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రాన్లు మాత్రమే, కానీ గట్టిది. ఆ గచ్చులోంచి దూరాలంటే కొంచెం నూనె గుణం కావాలి, అణువు చిన్నదై ఉండాలి. 500 డాల్టన్ల బరువు దాటిన అణువు మామూలు చర్మంలో దూరడం కష్టమని 2000లో ఒక సూత్రంలా చెప్పారు. లవంగంలోని యూజినాల్ 164, గోరింటాకులోని లాసోన్ 174, ఇవి సులువుగా దూరతాయి, గోరింటాకు ఎర్రగా పండటమే సాక్ష్యం. వేపలోని అజాడిరాక్టిన్ 720. యాప చెట్టు మీద మనకున్న భక్తి దాని అణువు బరువును తగ్గించదు.

ఇక్కడో చిన్న ఊరట ఉంది. తామర ఫంగస్ ఉండేది ఆ పైపొరలోనే, కాబట్టి మందు రక్తంలోకి పోనక్కర్లేదు, పోకపోతేనే మంచిది. గోడలో దూరి అక్కడే కొన్నాళ్లు కూర్చుంటే చాలు. టర్బినఫిన్ చేసేది అదే, కెరటిన్‌ను పట్టుకుని పూత ఆపాక కూడా కొన్ని రోజులు ఉంటుంది. వెంట్రుకల మొదళ్లలోకి, గోళ్లలోకి పోయిన ఫంగస్‌కు మాత్రం ఏ జెల్ అయినా అరకొరే, మాత్రలు కావాలి. పిల్లల తలలో తామరకు ఆకు జెల్ రుద్దుతూ కూర్చోకండి.

అసలు జెల్ ఎందుకు, ఆయింట్‌మెంట్ చాలదా అంటే, చెమట పట్టే సందుల్లో జిడ్డు పూత ఉక్కను ఇంకా పెంచుతుంది. జెల్ చల్లగా ఉంటుంది, ఆరిపోతుంది, చీరకు అంటదు. తయారుచెయ్యడం చూడ్డానికి సరదా పని. కార్బోపాల్ అనే తెల్లటి పొడిని నీళ్ల మీద చల్లి రాత్రంతా నానబెడతారు. పొద్దున చూస్తే పలుచటి గంజిలా ఉంటుంది, పులుపు స్వభావంతో. దాంట్లో ట్రైఈథనాలమైన్ అనే క్షారం చుక్కలు వేస్తూ కలిపితే ఒక చుక్క దగ్గర హఠాత్తుగా గడ్డపెరుగులా నిలబడిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు క్లాసంతా చప్పట్లు కొట్టాం.

తర్వాత ఆకు సారం కలిపితే మళ్లీ గంజి. ఎక్కడో తూకం తప్పిందనుకుని మూడుసార్లు చేశాను. తూకం కాదు. ఆకు సారంలో పొటాషియం లాంటి లవణాలుంటాయి. కార్బోపాల్ అణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విచ్చుకోవడం వల్లే జెల్ నిలబడుతుంది, లవణాలు చేరితే ఆ నెట్టుడు తగ్గి అవి ముడుచుకుపోతాయి. చివరికి హెచ్‌పీఎంసీ అనే ఇంకో పదార్థానికి మారాల్సి వచ్చింది. పసుపు తీసుకున్న మా స్నేహితురాలి కష్టం వేరు. ఆమె ట్రైఈథనాలమైన్ నాలుగు చుక్కలు ఎక్కువ వేసేసరికి పచ్చటి జెల్ ఎర్రగా తిరిగింది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, అదే. క్షారం తగిలితే కర్క్యుమిన్ రంగు మారడమే కాదు, త్వరగా విరిగిపోతుంది కూడా. చర్మం స్వభావం కొంచెం పులుపు, పీహెచ్ 5 చుట్టుపక్కల, జెల్ కూడా ఆ దగ్గర్లో ఉంటేనే చర్మానికీ మంచిది, పసుపుకీ మంచిది. అయితే అంత తక్కువ పీహెచ్‌లో కార్బోపాల్ పూర్తిగా గట్టిపడదు. ఒకటి సర్దితే ఇంకోటి జారుతుంది.

"మాది నేచురల్, ప్రిజర్వేటివ్ వెయ్యం" అన్న బ్యాచ్ ఒకటుండేది. నీళ్లు, ఆకు చక్కెరలు ఉన్న డబ్బాను మూడు వారాలు వదిలేస్తే ఏమవుతుంది? ఫంగస్‌ను చంపాల్సిన జెల్ మీదే బూజు పట్టింది. పారాబెన్లు కొద్దిగా, 0.2 శాతం లోపు, వేస్తారు దీనికే.

ఆకు ప్రతిసారీ ఒకేలా ఉండకపోవడం ఇంకో పెద్ద తలనొప్పి. జూలైలో నల్గొండ చెలక గట్టు మీద కోసిన తంటెం, అక్టోబరులో అమ్రాబాద్ వైపు నల్లమల అంచున కోసిన తంటెం ఒకే మందు కాదు. నేల, వాన, ఆకు వయసు, ఎండబెట్టిన తీరు అన్నీ లోపలి పదార్థాల పాళ్లు మారుస్తాయి. పైగా తంటెం పక్కనే కసింద పెరుగుతుంది. తంటెం ఆకులు మొన గుండ్రంగా, మామూలుగా మూడు జతలు, కాయలు సన్నగా పొడవుగా వంపు తిరిగి ఉంటాయి. కసింద ఆకుల కొస సూదిగా ఉంటుంది, జతలు ఎక్కువ, కాయలు బల్లపరుపు. కూలికి ఆకు తెప్పిస్తే రెండూ కలిసే వస్తాయి. అందుకే ముందు వృక్షశాస్త్రం చదివినవాళ్లతో మొక్కను ఖాయం చేయించుకుని, తర్వాత సారంలో ఒక గుర్తు పదార్థం ఎంత ఉందో హెచ్‌పీటీఎల్‌సీ మీదో హెచ్‌పీఎల్‌సీ మీదో (సారంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతులు ఇవి) కొలిచి, ప్రతి బ్యాచ్‌లో అది అంతే ఉండేలా చూసుకోవాలి. "10 గ్రాముల వేపాకు పొడి" అని రాస్తే అది కొలత కాదు, వంట.

మిగతా పరీక్షలు చాలావరకు తేలికే. రెండు గాజు పలకల మధ్య జెల్ ఎంత పరుచుకుంటుంది, ట్యూబు నొక్కితే ఎంత వస్తుంది, చిక్కదనం ఎంత. ఫ్రాంజ్ సెల్ అనే చిన్న గాజు పాత్రలో చర్మం ముక్క బిగించి పైన జెల్ పూసి కింద ఎంత దిగిందో చూస్తారు. పంది చెవి తోలు మన చర్మానికి దగ్గర. కాలేజీలో మేము మటన్ షాపులో అడుక్కొచ్చిన మేక తోలుతో కానిచ్చాం. 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో ఆరు నెలలు నిల్వ ఉంచి చూడమంటారు. మే నెలలో తేమ సంగతేమో గానీ, వేడికి మా హాస్టల్ గదే సరిపోయేది.

అసలు పరీక్ష మనుషుల మీద, అక్కడికి చేరే జెల్లులు బహు తక్కువ. ఆస్ట్రేలియాలో జరిగిన రెండు ప్రయోగాలు చూడండి, రెండూ పాదాల తామర మీద, టీ ట్రీ నూనెతో. 1992లో 10 శాతం నూనె క్రీము వాడినవాళ్లకు దురద, పొట్టు తగ్గాయి, కానీ చర్మం గీకి పరీక్ష చేస్తే ఫంగస్ పోయినవాళ్లు ఉత్త క్రీము పూసినవాళ్ల కంటే ఎక్కువేం లేరు. 2002లో 25, 50 శాతం ద్రావణాలతో చేస్తే, 50 శాతం ద్రావణం పూసినవాళ్లలో 64 శాతం మందికి ఫంగస్ పోయింది, ఉత్త ద్రావణంతో పోయింది 31 శాతానికి. అంటే మోతాదు పెంచితే పనిచేసింది, అయితే కొందరికి చర్మం మంట పుట్టి వాపు వచ్చింది. ఫంగస్ కణం మన కణానికి మరీ పరాయిది కాదు, అందుకే దాన్ని గట్టిగా కొట్టేది మననూ కొంత కొడుతుంది. పచ్చి వెల్లుల్లి నూరి కట్టి చర్మం కాల్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు, అది ఆకుమందే కదా అని.

ఆ 1992 క్రీము సంగతి గుర్తుపెట్టుకోండి. దురద తగ్గడం వేరు, ఫంగస్ చావడం వేరు. కలబంద దురదను చల్లారుస్తుంది, అంతవరకే దాన్ని నమ్మవచ్చు. ఎవరైనా ఆకు జెల్ అమ్ముతూ రెండు రోజుల్లో మాయం అంటే నాకు ఆశ కంటే అనుమానం ముందు పుడుతుంది. 1999లో లండన్‌లో 11 చైనా మూలికా క్రీములను పరీక్షిస్తే 8 క్రీముల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ బయటపడింది.

లైసెన్సు దారులు మన దగ్గర రెండున్నాయి. పాత ఆయుర్వేద గ్రంథాల్లోని దినుసులతో చేస్తే ఆయుర్వేద మందుగా తేవచ్చు, ఇది సులువైన దారి. 2015లో ఫైటోఫార్మాస్యూటికల్ అని కొత్త తరగతి తెచ్చారు. దాంట్లో శుద్ధిచేసిన సారంలో కనీసం నాలుగు పదార్థాలు కొలిచి చూపించాలి, మనుషుల మీద ప్రయోగాలూ చెయ్యాలి. కష్టం, ఖర్చు. కానీ చర్మం డాక్టరు నమ్మి చీటీ మీద రాసే ఆకు జెల్ వస్తే ఈ దారినే వస్తుందని నా అభిప్రాయం.

చిన్నమ్మను చివరికి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూశారు, దారాల్లాంటి ఫంగస్ నాకూ చూపించారు. ఇట్రకోనజోల్ మాత్రలు, పూతమందు మచ్చ అంచు దాటి రెండు వేళ్ల బయటిదాకా, మచ్చ పోయాక కూడా రెండు వారాలు. ఇంట్లో ఇంకెవరికుందో చూడమన్నారు. చిన్నాన్నకుంది, రెండేళ్లుగా చెప్పలేదు.

ఇప్పుడు ప్రాజెక్టు చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతుంటారు, అన్నా ఏ ఆకు తీసుకోమంటవ్ అని. ఆకు ఏదైనా ఒకటే తీసుకోండి, నాలుగు కలపకండి. ఒకేసారి కోసి, నీడలో ఎండబెట్టి, ఒక కొమ్మ నొక్కి అట్టకు అంటించి పేరు ఖాయం చేయించుకోండి. జిల్లా ఆసుపత్రిలో రోగి నుంచి తీసిన ట్రైకోఫైటాన్ దొరుకుతుందేమో మీ సార్‌తో అడిగించండి. ఉత్త ద్రావకం గుంత, ఉత్త జెల్ గుంత, క్లోట్రిమజోల్ గుంత పక్కపక్కనే పెట్టండి. వలయంతో ఆగకుండా ఎంత తక్కువ మోతాదుతో పెరుగుదల ఆగుతుందో చూడండి. ఏమీ పనిచెయ్యకపోతే పనిచెయ్యలేదనే రాయండి, బీరువాలో అలాంటి రిపోర్టు ఒక్కటి కూడా లేదు. ప్లేట్లు ఇంక్యుబేటర్‌లో పెట్టాక రెండు వారాలు ఆగాలి, మధ్యలో ఇంటర్నల్స్ వస్తాయి, కరెంటు పోతుంది, మూడో రోజే మూత తీసి చూడాలనిపిస్తుంది. తీయకండి.